‘బొహీమియన్ రాప్సడీ’: క్వీన్ అభిమానులు దేన్ని క్షమించారు, దేన్ని క్షమించలేదు?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్, ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవితం ఆధారంగా తీసిన ‘బొహీమియన్ రాప్సడీ’ సినిమా 2018 అక్టోబరు 24న బ్రిటన్‌లో విడుదలైంది. నవంబరులో అమెరికాలోనూ, భారత్‌లోనూ థియేటర్లకు వచ్చింది. 5 కోట్ల డాలర్లకు కాస్త పైన ఖర్చుతో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా 90 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మెర్క్యురీగా నటించిన రామీ మాలెక్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ దక్కింది. ఎడిటింగ్‌తో పాటు రెండు శబ్ద విభాగాల్లోనూ కలిపి మొత్తం 4 ఆస్కార్లు వచ్చాయి.

విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో విమర్శకుల రేటింగ్ 60 శాతం దగ్గర ఆగిపోగా, ప్రేక్షకుల రేటింగ్ 85 శాతం దగ్గర నిలిచింది. దీంతో ‘విమర్శకులకు నచ్చలేదు, అభిమానులకు నచ్చింది’ అన్న మాట స్థిరపడిపోయింది.

అసలు విషయం అంత సూటిగా లేదు. క్వీన్ పాటల్ని దశాబ్దాలుగా వింటున్న అభిమానులే ఈ సినిమాలో చారిత్రక తప్పుల జాబితాలు తయారు చేశారు. వాళ్లలో చాలామంది సినిమాను రెండు మూడుసార్లు చూశారు కూడా. ఆ తప్పుల్లో కొన్నిటిని నవ్వి వదిలేశారు. కొన్నిటిపై మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా వాదన నడుస్తోంది. ఏ తప్పును వదిలేశారు, దేన్ని వదల్లేదు అన్నది గమనిస్తే ఈ సినిమాతో వాళ్లకున్న అసలు పేచీ ఏమిటో తెలుస్తుంది.

సినిమా ఎలా తయారైంది?

మెర్క్యురీ పాత్రలో బ్రిటిష్ హాస్యనటుడు సాషా బారన్ కోహెన్ నటిస్తారని 2010లో ప్రకటించారు. 2013లో ఆయన తప్పుకున్నారు. పెద్దలు మాత్రమే చూడదగ్గ స్థాయిలో మెర్క్యురీ జీవితాన్ని దాపరికం లేకుండా చూపాలన్నది ఆయన ఆలోచన. బ్యాండ్ తరఫు వారికి ఎక్కువమంది చూడగలిగే సినిమా కావాలి. చివరికి వచ్చిన సినిమాకు అమెరికాలో పీజీ-13, బ్రిటన్‌లో 12ఏ సర్టిఫికెట్లు దక్కాయి. కుటుంబంతో కలిసి చూసేందుకు వీలైన సినిమా అన్నమాట.

దర్శకుడి విషయంలోనూ గందరగోళం జరిగింది. సెట్‌కు సరిగా రావడం లేదంటూ 2017 డిసెంబరులో బ్రయన్ సింగర్‌ను తొలగించారు. మిగిలిన భాగాన్ని డెక్స్టర్ ఫ్లెచర్ పూర్తి చేశారు. అయినా తెర మీద దర్శకుడిగా సింగర్ పేరే ఉంటుంది.

ఈ చర్చ మొత్తానికి కీలకమైన విషయం మరొకటి ఉంది. గిటారిస్ట్ బ్రయన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్ ఈ సినిమా తయారీలో మొదటి నుంచీ భాగస్వాములు. బ్యాండ్ మేనేజర్ జిమ్ బీచ్ నిర్మాతల్లో ఒకరు. బేస్ గిటారిస్ట్ జాన్ డీకన్ 1990ల చివర్లోనే సంగీతం నుంచి తప్పుకున్నారు. మెర్క్యురీ 1991లోనే చనిపోయారు. అంటే నలుగురిలో ఇద్దరు కథ చెబితే, ఆ కథ నడిచింది మాత్రం చనిపోయిన మనిషి చుట్టూ.

అభిమానులు మెచ్చింది ఏమిటి?

అభిమానుల మెప్పులో మొదటి స్థానం చివరి 20 నిమిషాలదే. ఇథియోపియా కరవు బాధితుల కోసం 1985 జులై 13న లండన్, ఫిలడెల్ఫియాల్లో ఒకే రోజు జరిగిన ‘లైవ్ ఎయిడ్’ కచేరీలో క్వీన్ సుమారు 21 నిమిషాలు వాయించింది. వెంబ్లీ స్టేడియంలో ఆ రోజు 70 వేల మందికి పైగా ఉన్నారు. రాక్ చరిత్రలో అత్యుత్తమ ప్రదర్శనల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వేదికను చిత్రబృందం లండన్‌కు సమీపంలోని బోవింగ్డన్ ఎయిర్‌ఫీల్డ్‌లో మళ్లీ నిర్మించింది. పియానో మీద పెట్టిన కూల్‌డ్రింక్ కప్పులు, బీరు గ్లాసులతో సహా అన్నీ పాత వీడియోలో ఉన్నట్టే కనిపిస్తాయి. మెర్క్యురీ నడక, చేయి విసురు, మైకు పట్టుకునే తీరు కోసం మాలెక్ మూవ్‌మెంట్ కోచ్ పోలీ బెనెట్ దగ్గర సాధన చేశారు. అసలు వీడియోను, సినిమా సన్నివేశాన్ని పక్కపక్కన పెట్టి అభిమానులు తయారు చేసిన క్లిప్పులు నెట్‌లో విరివిగా తిరిగాయి.

గొంతు విషయంలోనూ ఫిర్యాదులు తక్కువే. తెరపై వినిపించే పాటల్లో ఎక్కువ భాగం మెర్క్యురీ సొంత రికార్డింగులు. అవి దొరకని చోట కెనడా గాయకుడు మార్క్ మార్టెల్ గొంతునూ, అక్కడక్కడా మాలెక్ గొంతునూ కలిపారు. బ్రయన్ మేగా నటించిన గ్విలిమ్ లీ అచ్చం ఆయనలాగే ఉన్నారన్నది దాదాపు అందరూ ఒప్పుకున్న మాట.

ఈ సినిమా కొత్త అభిమానుల్ని కూడా తెచ్చింది. దక్షిణ కొరియాలో 99 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. ప్రేక్షకులు గొంతు కలిపి పాడే ‘సింగ్ ఎలాంగ్’ ఆటలు అక్కడ ప్రత్యేకంగా వేశారు. 1975 నాటి ‘బొహీమియన్ రాప్సడీ’ పాట స్ట్రీమింగ్‌లో 20వ శతాబ్దపు పాటలన్నిటికంటే ముందుకు వెళ్లిందని యూనివర్సల్ మ్యూజిక్ 2018 డిసెంబరులో ప్రకటించింది. ‘తేదీలు తప్పైతే అయ్యాయి, మా పిల్లలు క్వీన్ వింటున్నారు’ అన్నది పాత అభిమానుల్లో ఎక్కువగా వినిపించిన ధోరణి.

నవ్వి వదిలేసిన తప్పులు

క్వీన్ చరిత్ర తెలిసినవారికి సినిమా మొదలైన కాసేపటికే తేడాలు కనిపిస్తాయి. బ్రయన్ మే, రోజర్ టేలర్‌ల పాత బ్యాండ్ ‘స్మైల్’ నుంచి గాయకుడు తప్పుకున్న రాత్రే మెర్క్యురీ వాళ్లకు పరిచయమైనట్టు సినిమా చూపిస్తుంది. నిజానికి ఆ గాయకుడు టిమ్ స్టాఫెల్, మెర్క్యురీ ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో స్నేహితులు. బ్యాండ్ వాళ్లతో మెర్క్యురీకి అప్పటికే పరిచయం ఉంది. జాన్ డీకన్ బ్యాండ్‌లో చేరింది 1971లో. సినిమాలో మాత్రం మొదటి కచేరీ నుంచే ఉంటారు.

పాటల కాలక్రమం కూడా తారుమారైంది. 1978 నాటి ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’ పాటను 1970ల మధ్యలో జరిగిన తొలి అమెరికా పర్యటనలోనే పాడేస్తారు. 1977లో వచ్చిన ‘వి విల్ రాక్ యూ’ 1980లో పుట్టినట్టు చూపిస్తారు. 1985 జనవరిలో జరిగిన ‘రాక్ ఇన్ రియో’ కచేరీ సినిమాలో కొన్నేళ్లు ముందుకు జరిగింది.

‘బొహీమియన్ రాప్సడీ’ని సింగిల్‌గా విడుదల చేయనన్న ఈఎంఐ అధికారి రే ఫాస్టర్ కల్పిత పాత్ర. దాదాపు 6 నిమిషాల పాట రేడియోకు పనికిరాదని ఆయన తోసిపుచ్చుతారు. ఆ పాట బ్రిటన్‌లో 9 వారాలు వరుసగా మొదటి స్థానంలో ఉందని ప్రేక్షకులకు తెలుసు కాబట్టి ఆ సన్నివేశం నవ్విస్తుంది. పైగా ఆ పాత్రలో ఉన్నది మైక్ మైయర్స్. ఆయన నటించిన 1992 నాటి ‘వేన్స్ వరల్డ్’లో కుర్రాళ్లు కారులో తలలూపుతూ ఇదే పాట పాడిన సన్నివేశం వల్ల అమెరికాలో పాటకు రెండో జీవితం వచ్చింది.

ఇలాంటి మార్పుల గురించి అభిమానులు సరదాగా మాట్లాడుకున్నారు. ఎవరికి ఎన్ని తప్పులు దొరికాయన్నది ఒక పోటీలా సాగింది. 15 ఏళ్ల చరిత్రను రెండుంపావు గంటల్లో కుదించాలంటే ఇవి తప్పవని చాలామంది సర్దుకున్నారు. ఎందుకంటే ఈ మార్పుల వల్ల ఎవరి పేరూ చెడలేదు.

నింద ఎవరి మీద పడింది?

గొడవ మొదలైంది సినిమా రెండో సగంతో. అందులో మెర్క్యురీ మిగతా ముగ్గురికీ తెలియకుండా సోలో ఆల్బమ్‌ల కోసం భారీ ఒప్పందం కుదుర్చుకుంటారు. బ్యాండ్ విడిపోతుంది. ఆయన మ్యూనిక్‌లో పార్టీలు, మత్తు, ఒంటరితనం మధ్య గడుపుతారు. చివరికి తిరిగొచ్చి క్షమాపణ అడుగుతారు. ఏళ్ల తరబడి కలిసి వాయించని నలుగురు లైవ్ ఎయిడ్ వేదికపై మళ్లీ కలుస్తారు.

చరిత్రలో క్వీన్ విడిపోలేదు. 1984లో ‘ది వర్క్స్’ ఆల్బమ్ తెచ్చింది. ఆ ఆల్బమ్ పర్యటన 1985 మే నెలలో జపాన్‌లో ముగిసింది. లైవ్ ఎయిడ్‌కు అది రెండు నెలల ముందు. ‘ది వర్క్స్’లోని ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ వీడియో తయారీని ఈ సినిమాలోనే చూపించడం మరో విచిత్రం.

ఇక సోలో ఆల్బమ్ సంగతి. క్వీన్‌లో సొంత ఆల్బమ్ చేసిన మొదటి సభ్యుడు రోజర్ టేలర్. ‘ఫన్ ఇన్ స్పేస్’ 1981లోనే వచ్చింది. బ్రయన్ మే 1983లో ‘స్టార్ ఫ్లీట్ ప్రాజెక్ట్’ తెచ్చారు. మెర్క్యురీ ‘మిస్టర్ బ్యాడ్ గై’ వచ్చింది 1985లో. అంటే ముగ్గురిలో చివరివాడు ఆయనే. సినిమాలో మాత్రం బ్యాండ్‌కు ద్రోహం చేసినవాడు ఆయన ఒక్కడే.

అభిమానులు క్షమించలేకపోయింది దీన్నే. ఈ భాగంలో మార్పులన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. బ్యాండ్ ఒక కుటుంబం, మెర్క్యురీ ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు. పార్టీ రాత్రుల్లో మిగతా ముగ్గురూ భార్యలతో బుద్ధిగా ఇంటికి వెళ్లిపోతారు. ఆ రోజుల్లో క్వీన్ పార్టీల గురించి చదివినవాళ్లకు అది మింగుడుపడలేదు.

దుష్టపాత్ర పాల్ ప్రెంటర్ విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. మెర్క్యురీ వ్యక్తిగత మేనేజర్ అయిన ప్రెంటర్‌ను లైవ్ ఎయిడ్‌కు ముందే తొలగించినట్టు, ఆయన టీవీలో మెర్క్యురీ రహస్యాలు బయటపెట్టినట్టు సినిమాలో ఉంది. నిజంగా ఆయన్ను తొలగించింది లైవ్ ఎయిడ్ తర్వాత. 1987లో ‘ది సన్’ పత్రికకు కథలు అమ్ముకున్నారు. ఆయన ద్రోహం చేశారన్నది నిజమే. అయితే బ్యాండ్ చీలికకు కారణం ఆయనేనని చెప్పే సినిమాకు, ఆ చీలికే జరగలేదన్నది ఇబ్బంది కలిగించే వాస్తవం. ప్రెంటర్ కూడా 1991లోనే చనిపోయారు. జవాబిచ్చే అవకాశం ఆయనకూ లేదు.

వ్యాధిని ముందుకు జరిపితే పోయిందేమిటి?

అత్యంత తీవ్రమైన విమర్శ వచ్చింది ఎయిడ్స్ ప్రస్తావన మీద. లైవ్ ఎయిడ్ రిహార్సల్స్‌లో మెర్క్యురీ తన వ్యాధి గురించి మిగతా ముగ్గురికీ చెప్పినట్టు సినిమాలో ఉంది. చివరి పాటలన్నీ మరణం తెలిసిన మనిషి పాడినట్టు వినిపించేది అందుకే. ఆయన చివరి సహచరుడు జిమ్ హటన్ చెప్పిన ప్రకారం వ్యాధి నిర్ధారణ అయింది 1987లో. లైవ్ ఎయిడ్‌కు దాదాపు రెండేళ్ల తర్వాత.

సినిమాకు ఉద్వేగభరితమైన ముగింపు కావాలి కాబట్టి ఈ మార్పు చేశారని సమర్థించినవాళ్లు ఉన్నారు. దీన్ని వ్యతిరేకించినవాళ్లు రెండు కారణాలు చెప్పారు.

మొదటిది, కథలో వ్యాధి వచ్చిన చోటు. మ్యూనిక్ జీవితం, పశ్చాత్తాపం, దగ్గులో రక్తం, క్షమాపణ వరుసగా వస్తాయి. దాంతో వ్యాధి ఆ జీవితానికి పడిన శిక్షలా కనిపిస్తుంది. ఎయిడ్స్ రోగుల్ని 1980ల సమాజం ఎలా చూసిందో గుర్తున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రెండోది, సినిమా 1985లో ఆగిపోవడం వల్ల ఆ తర్వాతి ఆరేళ్లు కనుమరుగయ్యాయి. 1986లో నెబ్‌వర్త్‌లో జరిగిన క్వీన్ చివరి కచేరీ, స్పెయిన్ ఒపెరా గాయని మోన్సెరాత్ కబాయేతో కలిసి చేసిన ‘బార్సిలోనా’, 1989లో ‘ది మిరకిల్’, 1991లో ‘ఇన్యుయెండో’ ఏవీ సినిమాలో లేవు. మెర్క్యురీ అనారోగ్యంతో ఉన్నప్పుడు అసలు చేసిన పని అదే. నిలబడటమే కష్టమవుతున్న రోజుల్లో కూడా స్టూడియోకు వచ్చి పాడారు. తనకు ఎయిడ్స్ ఉందని 1991 నవంబరు 23న ప్రకటించి, మర్నాడే కన్నుమూశారు. 45 ఏళ్ల వయసులో. లేని ధైర్యాన్ని 1985లో అంటగట్టి, ఉన్న ధైర్యాన్ని కత్తిరించారన్నది పాత అభిమానుల బాధ.

మేరీ, హటన్: ఎవరికి ఎంత చోటు?

2018 మే నెలలో తొలి ట్రైలర్ వచ్చినప్పుడే అమెరికన్ టీవీ రచయిత బ్రయన్ ఫుల్లర్ అభ్యంతరం చెప్పారు. మెర్క్యురీ మహిళతో ఉన్న దృశ్యాలు పెట్టి, పురుషులతో సంబంధాల్ని, ఎయిడ్స్‌ను పక్కన పెట్టారని ఆయన విమర్శ. సినిమా వచ్చాక చూస్తే ఆ విషయాలు ఉన్నాయి. వాటికి ఇచ్చిన చోటు మీద చర్చ కొనసాగింది.

మేరీ ఆస్టిన్‌తో అనుబంధానికి సినిమా పెద్దపీట వేసింది. అది అబద్ధమేం కాదు. విడిపోయాక కూడా ఆమె ఆయనకు చివరివరకూ ఆప్తురాలు. ఇంటిని, ఆస్తిలో ఎక్కువ భాగాన్ని ఆమెకే రాశారు. జిమ్ హటన్‌కు మాత్రం కొద్ది నిమిషాలే దక్కాయి. సావోయ్ హోటల్‌లో హెయిర్‌డ్రెసర్‌గా పనిచేసిన హటన్, మెర్క్యురీ పార్టీలో సర్వర్‌గా మారిపోయారు. చివరి ఏళ్లలో మెర్క్యురీని కనిపెట్టుకుని ఉన్న ఆయన 2010లో చనిపోయారు.

ఎల్‌జీబీటీ అభిమానుల్లో కూడా ఒకే మాట లేదు. పురుషులతో గడిపిన జీవితమంతా చీకటిగా, మేరీతో గడిపినదంతా వెలుగుగా చూపారని కొందరు నొచ్చుకున్నారు. ఒక గే లేదా బైసెక్సువల్ కథానాయకుడి సినిమాను ఇన్ని కోట్లమంది చూడటమే గెలుపని మరికొందరు అన్నారు. 2019 మార్చిలో చైనాలో విడుదలైనప్పుడు అలాంటి సన్నివేశాల్ని కత్తిరించారు. భారత్‌లో సినిమా విడుదలకు కొద్ది వారాల ముందు, 2018 సెప్టెంబరు 6న, సెక్షన్ 377 కింద స్వలింగ సంబంధాల్ని నేరంగా చూడరాదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇక్కడి ప్రేక్షకులు ఈ సినిమాను చూసింది ఆ తీర్పు వేడి చల్లారకముందే.

పంచగని ఎక్కడ?

భారతీయ అభిమానులకు మరో వెలితి కనిపించింది. మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పుట్టారు. తల్లిదండ్రులు బోమీ, జెర్ గుజరాత్ మూలాలున్న పార్సీలు. ‘బుల్సారా’ అన్న ఇంటిపేరు బుల్సార్ నుంచి వచ్చింది. అదే ఇప్పటి వల్సాడ్. ఎనిమిదేళ్ల వయసులో ఆయన్ను మహారాష్ట్రలోని పంచగనిలో ఉన్న సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్లో చేర్పించారు. పియానో నేర్చుకుంది, ‘ఫ్రెడ్డీ’ అన్న పిలుపు అలవాటైంది, ‘ది హెక్టిక్స్’ పేరుతో మొదటి బ్యాండ్ కట్టింది అక్కడే. 1964 జాంజిబార్ విప్లవం సమయంలో ఆ కుటుంబం ఇంగ్లండ్‌కు వెళ్లిపోయింది.

సినిమాలో మెర్క్యురీ కథ 1970 లండన్‌లో మొదలవుతుంది. పంచగని సన్నివేశం ఒక్కటీ లేదు. రాక్ స్టార్‌ను తయారు చేసిన బాల్యం కొన్ని మాటల్లో తేలిపోయింది.

అలాగని సినిమా ఆ మూలాల్ని పూర్తిగా దాచలేదు. హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోసే కుర్రాడిని ‘పాకీ’ అని తిట్టడం, అందుకు అతను తాను పాకిస్తాన్ వాడిని కాదని బదులివ్వడం మొదట్లోనే వస్తాయి. మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని అన్న జొరాస్ట్రియన్ సూత్రాన్ని తండ్రి కొడుక్కి గుర్తుచేస్తారు. లైవ్ ఎయిడ్‌కు బయల్దేరే ముందు తండ్రీకొడుకులు కౌగిలించుకునే సన్నివేశం చాలామంది భారతీయ ప్రేక్షకుల్ని కదిలించింది. 2011 జనగణన ప్రకారం భారత్‌లో 57,264 మందే ఉన్న సమాజం నుంచి వచ్చిన మనిషి కథ ఇది. ఆస్కార్ వేదికపై మాలెక్ తాను ఈజిప్టు నుంచి వలస వచ్చిన కుటుంబం బిడ్డనని చెప్పుకుంటూ మెర్క్యురీని వలసదారుగా గుర్తుచేశారు.

మెర్క్యురీ బతికుండగా తన భారతీయ నేపథ్యం గురించి పెద్దగా మాట్లాడలేదు. అందువల్ల సినిమా కూడా మౌనంగా ఉండటం సహజమేనని ఒక వాదన. ఆ మౌనం ఎందుకో తెలుసుకోవడానికే కదా సినిమా చూసేదని మరో వాదన. 1991లో ఆయన అంత్యక్రియలు జరిగింది మాత్రం జొరాస్ట్రియన్ పద్ధతిలోనే.

కథ ఎవరి చేతిలో ఉంది?

రాక్ బ్యాండ్ల మీద సినిమాలు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. ఆలివర్ స్టోన్ 1991లో ‘ది డోర్స్’ తీస్తే, ఆ బ్యాండ్ కీబోర్డు వాద్యకారుడు రే మంజరెక్ జిమ్ మారిసన్‌ను తప్పుగా చూపారంటూ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. క్వీన్ విషయంలో అందుకు పూర్తిగా విరుద్ధం. బ్యాండ్ సభ్యులు పక్కనే ఉన్నందువల్ల అసలు పాటలు దొరికాయి, గిటార్ పట్టుకునే తీరు కూడా సరిగ్గా వచ్చింది. తమ తప్పుల గురించి తామే చెప్పుకోవాల్సిన చోట మాత్రం సినిమా మెత్తబడింది.

మన ప్రేక్షకులకూ ఇది కొత్త కాదు. 2018లోనే వచ్చిన ‘సంజు’ సినిమా సంజయ్ దత్ ప్రతిష్ఠను కడిగి ఆరేసిందని విమర్శలు వచ్చాయి. 2019 మొదట్లో ఎన్టీఆర్ జీవితంపై వచ్చిన రెండు భాగాల సినిమాలో ఆయన కుమారుడు బాలకృష్ణే కథానాయకుడు, నిర్మాత కూడా. ఎవరి చేతిలో హక్కులు ఉంటే వారి జ్ఞాపకమే తెరకెక్కుతుంది.

‘బొహీమియన్ రాప్సడీ’ని పూర్తి చేసిన డెక్స్టర్ ఫ్లెచరే 2019లో ఎల్టన్ జాన్ జీవితంపై ‘రాకెట్‌మ్యాన్’ తీశారు. దానికీ ఎల్టన్ జాన్ అండ ఉంది. కాలక్రమం అందులోనూ చెదిరింది. అయితే మనుషులు గాల్లో తేలే ఆ సినిమాను ఎవరూ చరిత్రగా చూడరు. పైగా తన వ్యసనాలూ తప్పులూ తెరకెక్కడానికి ఒప్పుకున్న మనిషి బతికే ఉన్నారు. అచ్చం అసలు వీడియోలా కనిపించే లైవ్ ఎయిడ్ సన్నివేశంతో ముగిసే క్వీన్ సినిమాకు ఆ సౌలభ్యం లేదు. చివర్లో అంత నిజంగా ఉన్నది చూశాక, అంతకుముందు చూసింది కూడా నిజమేనని ప్రేక్షకుడు నమ్ముతాడు.

ఈ సినిమా ద్వారానే మెర్క్యురీని తెలుసుకున్న తరం ఒకటి ఇప్పుడు ఉంది. ఆయన బ్యాండ్‌ను వదిలి వెళ్లారని, క్షమాపణ అడిగి తిరిగొచ్చారని, మరణం దగ్గరపడిందని తెలిసే వెంబ్లీలో పాడారని వారిలో చాలామంది నమ్ముతారు. సినిమాకు కృతజ్ఞతలు చెబుతూనే పాత అభిమానులు ఆ జాబితాల్ని పట్టుకుని ఉన్నది అందుకే. లైవ్ ఎయిడ్ రోజున వేదికెక్కింది రెండు నెలల క్రితం వరకూ ఊరూరా కచేరీలు చేసి వచ్చిన బ్యాండ్. నలుగురూ కలిసి ఏళ్లకేళ్లు చేసిన ఆ సాధనే 21 నిమిషాల్లో కనిపించింది.